సీట్ల కింది అభిప్రాయం

జూన్ 6, శుక్రవారం
మధ్యాహ్నం 1:20

ఈ రోజు కూడా అందరూ సూపర్ అన్నారు.

కూకట్‌పల్లి మాల్, నాలుగో ఫ్లోర్, స్క్రీన్ త్రీ ఎగ్జిట్. ట్యాబ్ పట్టుకుని ద్వారపాలకురాలిలా నిలబడ్డాను. మొదటి ఆట చూసి బయటికొచ్చిన డెబ్భై మందిని అడిగాను, సినిమా ఎలా ఉంది అని. అరవై నాలుగు మంది సూపర్. ఇద్దరు వేరే లెవెల్. ఒకడు విజువల్స్ అన్నాడు. విజువల్స్‌లో ఏం నచ్చింది అంటే మళ్ళీ విజువల్స్ అన్నాడు. మెడలో ఐడీ కార్డు తీయకుండానే వచ్చినవాడొకడు, ఆఫీసుకు డుమ్మా కొట్టి, పార్ట్ టూలో ఉన్న ఎమోషనల్ డెప్త్ ఇందులో మిస్సయింది అన్నాడు. వాడు సినిమా సగం ఫోన్‌లో రీల్స్ చూస్తూ కూర్చున్నాడని పక్కనున్న స్నేహితుడే చెప్పాడు.

సినిమా పేరు రాయను. పేరు చివర అంకె ఉంది, అది చాలు. బస్సంత బల్లి సముద్రంలోంచి లేచి ఊరు తొక్కుతుంది. రెండున్నర గంటలు తొక్కుతుంది. చివర్లో ఒక తండ్రీ కూతురూ కౌగిలించుకుంటారు. బల్లికి లేని బుద్ధి వాళ్ళకూ లేదు.

నా ఉద్యోగం ఇదే. ఆఫీసు మాదాపూర్‌లో, శుక్రవారాలు మాత్రం ఇక్కడ. హాలీవుడ్ సినిమా మొదటి ఆట చూసినవాళ్ళ అభిప్రాయాలు పోగేసి, ఇది రెండో వారం నిలబడుతుందా లేదా అని నాలుగింటికల్లా రిపోర్టు పంపాలి. అమెరికాలో క్లయింటు దాన్నిబట్టి షోలు పెంచుకుంటాడు, తగ్గించుకుంటాడు. నేను కాంట్రాక్టు మీద ఉన్నాను. జూలై చివర్లో పర్మనెంటా ఇంటికా తేలుతుంది. వరుసగా మూడు రిపోర్టులు తప్పితే తేలడానికేమీ ఉండదు, ఇంటికే. పోయిన వారంది తప్పింది.

ఈ రోజు రిపోర్టులో నిలబడుతుంది అని రాశాను. డెబ్భై మంది సాక్షులున్నారు కదా.

జూన్ 9, సోమవారం

బల్లి ఆదివారానికే చచ్చింది. హాళ్ళు ఖాళీ.

మా మేనేజర్ ఓంకార్ రూమ్‌కి పిలిచాడు. హరితా, ఐ లైక్ యు, బట్ డేటా డజంట్ లై అన్నాడు. డేటా కాకపోతే ఇంకేం అబద్ధమాడుతుంది? సూపర్ అన్న అరవై నాలుగు మందీ ఇంటికెళ్ళి ఫ్రెండ్స్‌కి ఫోన్ చేసి, వేస్ట్ మామా, పోకు అని చెప్పారు. నా ముందు మాత్రం టికెట్ కొన్న పాపానికి పరువు కాపాడుకున్నారు. ఇదంతా చెప్పబోయాను. ఓంకార్ అప్పటికే వేరే కాల్‌లోకి వెళ్ళిపోయాడు.

ఇంకొకటి తప్పితే అయిపోయినట్టే.

ధర్మవరం నుంచి అమ్మ ఫోన్. ఏమే, సినిమాలు చూసేదానికి కూడా జీతమిస్తారంట కదా, పక్కింటి చెన్నమ్మ నమ్మట్లేదు అంది. నేనూ నమ్మట్లేదు అన్నాను.

జూన్ 13, శుక్రవారం

ఈ వారం రిలీజ్ లేదు. బతికాను.

జూన్ 20, శుక్రవారం
మధ్యాహ్నం 12:50

ఎగ్జిట్ తలుపు దగ్గర చీపురూ పెద్ద నల్ల కవరూ పట్టుకుని ఒకామె ప్రతి శుక్రవారం నిలబడుతుంది. హౌస్‌కీపింగ్. యాభై ఐదు ఉంటాయి. పేరు కొమురమ్మ అని ఈ రోజు తెలిసింది. బాచుపల్లి అవతల ఊరట, తెల్లారే బస్సెక్కుతుందట. ఇన్నాళ్ళూ పక్కపక్కనే నిలబడ్డాం. ఆమెతో మాట్లాడాలని నాకు ఒక్కసారీ తోచలేదు.

పేర్లు పడుతున్నాయి. జనం లేవడం లేదు. పేర్ల తర్వాత ఇంకో సీన్ ఉంటుందని కూర్చున్నారు. నలభై సెకన్ల సీను కోసం ఎనిమిది నిమిషాలు, ఎవరి పేర్లో కూడా చదవకుండా. కొమురమ్మ గోడకు ఆనుకుని, గీ పేర్లేందో, గీళ్ళు లేవరు, నాకేమో పావుగంటనే టైమ్, మల్ల ఇంకో ఆట అని గొణిగింది. తర్వాత నన్ను అడిగింది. అన్ని సిన్మల్ల ఊరు ఎందుకు కూలుతది బిడ్డా, మొదటికెల్లి మంచిగనే ఉంటదా అని.

ఆమె ఏ సినిమానైనా చివరి పది నిమిషాలే చూస్తుందట. ఏడేళ్ళ నుంచి. మిగతా రెండు గంటల్లో ఏమీ పోగొట్టుకోలేదని చెప్పాను.

జనం బయటికొచ్చారు. సూపర్, సూపర్, మైండ్‌బ్లోయింగ్. ట్యాబ్ నిండింది. కొమురమ్మ లోపలికెళ్ళి ఒక వరుస ఊడ్చి తలుపు దగ్గరికొచ్చి, ఇగ గిది నడువది అంది. మామూలుగా, వానొస్తుంది అన్నట్టు.

నేను రిపోర్టు రాస్తూ మూడుసార్లు తుడిచేశాను. చివరికి నడవదు అని పంపాను. డెబ్భై మంది గ్రాడ్యుయేట్లను కాదని ఒక చీపురు మాట విన్నాను. నా బతుకు ఇక్కడికొచ్చింది.

జూన్ 23, సోమవారం

నడవలేదు.

ఓంకార్ థంబ్స్ అప్ పెట్టాడు.

జూన్ 27, శుక్రవారం

ఎలా చెప్పావు అని అడిగాను. ఆమె నవ్వింది. చదువుకున్న పిల్లకు ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

పేలాలు చూడు బిడ్డా అంది. పాప్‌కార్న్‌ను పేలాలు అంటుంది, అవి పేలాలే కదా. సిన్మ మంచిగుంటే చెయ్యి డబ్బ కాడికి పోదు, నోరు తెర్సుకొని సూస్తరు, సగం డబ్బ అట్లనే ఇడిసిపోతరు. మంచిగ లేకుంటే ఊకె కూసోని ఏం జేస్తరు, తింటరు. అడుగు దాకా తింటరు. నోటితోని ఏమన్న జెప్తరు బిడ్డా, డబ్బ అబద్ధం జెప్పది.

ఎంబీయే చేశాను నేను. కన్స్యూమర్ బిహేవియర్‌లో గోల్డ్ మెడల్.

లెక్క సరిగ్గా తీయాలంటే ఊడ్చక ముందే ఫోటోలు తీయాలి. ఎనిమిది నిమిషాలు ఆగమని అడిగాను. సూపర్‌వైజర్ ఈశ్వరయ్య తిడతడు బిడ్డా, షో లేటయితే నా మీద వడ్తది అంది. నేను చెప్తాను ఆయనకు, ఫికర్ చేయకు అన్నాను. ఫికర్ అనే మాట నా నోట రావడం ఆమెకు నచ్చింది. సరే బిడ్డా అంది.

ఈశ్వరయ్య కింద ఆరుబయట పార్కింగ్‌లో కూర్చుంటాడు. ఎండగా ఉంది. వెళ్ళలేదు.

జూలై 4, శుక్రవారం

నూట పన్నెండు డబ్బాలు. తొంభై ఆరు నాకినట్టు ఖాళీ. బయట మాత్రం సూపర్, లవ్డ్ ఇట్, పిల్లలకు బాగా నచ్చింది. ఒక తండ్రి ట్యాబ్‌లోకి వంగి ఇది జనరేషన్‌కి ఒకసారి వచ్చే సినిమా అన్నాడు. ఆయన వరుసలో పెద్ద డబ్బా, దాని పక్కన ఇంకో పెద్ద డబ్బా, రెండూ ఖాళీ.

రిపోర్ట్: పడిపోతుంది.

జూలై 7, సోమవారం

పడిపోయింది. ఓంకార్ ఈసారి కుర్చీ చూపించాడు. ఏం మెథడ్ అని అడిగాడు. సీట్లలో మిగిలేదాన్ని చూస్తున్నాను అన్నాను. కొమురమ్మ పేరు చెప్పలేదు. చెబితే నవ్వుతాడు అనుకున్నాను. అది ఒక కారణం. ఇంకోటి కూడా ఉంది, అది ఈ డైరీలో కూడా రాయాలనిపించడం లేదు.

సాయంత్రానికి దానికి పేరు పెట్టేశాడు. రెసిడ్యూ ఇండెక్స్. క్లయింట్‌కి మెయిల్‌లో మా ప్రొప్రయిటరీ ఏఐ మోడల్ అని రాశాడు. మూడు వాక్యాల మెయిల్‌లో ఏఐ అయిదుసార్లు వచ్చింది.

జూలై 11, శుక్రవారం
మధ్యాహ్నం 2:00

ఈసారి లోపల కూర్చుని నేనే చూశాను. అంతరిక్షంలో ఒక ముసలి పైలట్, చచ్చిపోయిన భార్య గొంతు రేడియోలో వస్తూ ఉంటుంది. పచ్చి చెత్త. బయట జనం కూడా లాగ్ అన్నారు, బోర్ అన్నారు, ఫైట్లు లేవు అన్నారు. మొదటిసారి నాకూ జనానికీ అభిప్రాయం కలిసింది. కొంచెం గర్వంగా కూడా అనిపించింది, వీళ్ళూ మారుతున్నారు అని.

లోపలికెళ్తే డబ్బాలన్నీ సగానికి సగం నిండుగా ఉన్నాయి. నా సీటు దగ్గరకొచ్చి చూశాను. నా డబ్బా మూడొంతులు అలాగే ఉంది.

కొమురమ్మ నా డబ్బానూ చూసింది, నన్నూ చూసింది. కవర్లో వేసుకుని పోయింది.

నిలబడుతుంది అని పంపాను. ముసలి పైలట్ మీద నా కోపం మాత్రం తగ్గలేదు.

జూలై 14, సోమవారం

నిలబడింది. షోలు పెంచుతున్నారు. క్లయింట్ కాల్‌లో నన్నే ప్రెజెంట్ చేయమన్నారు. నేను తీసిన డబ్బాల ఫోటోలు, మూలన టైమ్‌తో సహా, స్లైడ్ మీద స్లైడ్. అవతల పదకొండు మంది బ్రిలియంట్ అన్నారు. వాళ్ళూ ఎగ్జిట్ దగ్గరి జనంలాంటి వాళ్ళే, కానీ బ్రిలియంట్ అన్నది నన్ను కాబట్టి నమ్మాను.

జూలై 16, బుధవారం

క్లయింట్ ఆ స్లైడ్లను మాల్ మేనేజర్‌కి పంపాడట, అన్ని ఊళ్ళలోని మీ మాల్స్‌లో ఇలాగే ఫోటోలు తీసుకోనివ్వండి అని. మాల్ మేనేజర్ ఇండెక్స్ చూడలేదు. టైమ్ చూశాడు. ఆట అయిపోయిన పదో నిమిషానికి కూడా హాలు చెత్తగా ఉంది. నాలుగో తారీఖూ అంతే, పదకొండూ అంతే. రెండుసార్లూ తర్వాతి ఆట లేటు.

ఓంకార్ కాల్ మధ్యలో అడిగాడు. హరితా, క్లీనింగ్ ఆపమని మనం ఎవరికైనా చెప్పామా, మాల్ వాళ్ళు అడుగుతున్నారు, జస్ట్ కన్ఫర్మ్ అని.

లేదు అన్నాను.

ఓకే కూల్ అన్నాడు. తర్వాత పాయింట్‌కి వెళ్ళిపోయాడు. రెండు సెకన్లు కూడా పట్టలేదు.

జూలై 18, శుక్రవారం

తలుపు దగ్గర వేరే ఆమె ఉంది. చిన్నపిల్ల. కొమురమ్మ ఏది అంటే తెలియదు అంది. పార్కింగ్‌లోకి దిగాను. ఈశ్వరయ్య అక్కడే ఉన్నాడు, ఈసారి కూడా ఎండగానే ఉంది.

తీసేసినం మేడం అన్నాడు. ఫోటోలొచ్చినయి, హాలు గలీజుగున్నది, ఆమెనేమో ఎవరో ఆఫీసు మేడం ఆగుమన్నది అంటది, అడిగితే అట్ల ఎవ్వరు అనలేదని మీ కంపెనోళ్ళే రాసిచ్చిండ్రు, ముసల్ది అబద్ధాలు గూడ నేర్చింది, ఏడేండ్ల సంది మంచిగనే ఉండె అన్నాడు.

ఆ మేడం నేనే అని చెప్పడానికి నోరు తెరిచాను. మూసుకున్నాను. నోటితో ఏమైనా చెప్తారు అంటుంది కొమురమ్మ. నేను అది కూడా చెప్పలేదు.

జూలై 19, శనివారం

డెబ్భై మందినీ అబద్ధాలకోరులని తిట్టుకుంటూ తిరిగాను రెండు నెలలు. వాళ్ళ అబద్ధానికి ఎవరి నౌకరీ పోలేదు.

జూలై 22, మంగళవారం

కొమురమ్మ ఆఫీసు గేటు దగ్గరికి వచ్చింది. నా మెడలో కార్డు మీది కంపెనీ బొమ్మ గుర్తుపెట్టుకుని, దారిలో బోర్డులు ఎవరితోనో చదివించుకుంటూ, మాదాపూర్ అంతా అడుక్కుంటూ వచ్చిందట. సెక్యూరిటీ ఆమెను లోపలికి రానివ్వలేదు, నీడలో కూడా నిలబడనివ్వలేదు. నేను కిందికి దిగేసరికి ముఖమంతా చెమట.

తిడుతుందనుకున్నాను. ఎవరో రాసిచ్చిండ్రట బిడ్డా, నీకు తెల్వకుంట అయ్యుంటది అంది. జర ఈశ్వరయ్యకు ఒక్క మాట జెప్పు, నేనే ఆగుమన్న అని, పని పోతె పోయింది, ఇంకోటి దొర్కుతది, గని ఆడు నన్ను దొంగమాటలదాన్ని అన్నడు, నలుగురిల అన్నడు, గదే బాధ అంది.

నాకు తెలియకుండా కాదు అని చెప్పలేదు. చెప్తాను అన్నాను. నా నంబరు ఇచ్చాను. నీళ్ళ బాటిల్ ఇచ్చాను. నీళ్ళ బాటిల్ ఇచ్చినందుకు నాకే అసహ్యమేసింది.

జూలై 24, గురువారం

ఆఫర్ లెటర్. పర్మనెంట్, ఆగస్టు ఒకటి నుంచి. ఓంకార్ అందరి ముందూ చప్పట్లు కొట్టించాడు. రెసిడ్యూ ఇండెక్స్‌ను చెన్నైకీ బెంగళూరుకీ తీసుకెళ్తారట, నేను లీడట.

ఈశ్వరయ్యకు ఫోన్ చేసి ఒక్క మాట చెప్తే చాలు అనుకుంటూ కూర్చున్నాను. చాలదు. ఫోన్‌లో ఒక మేడం మాటకంటే కంపెనీ రాసిచ్చిన కాగితమే పెద్దది. ఆ కాగితం నా మాట మీద రాశారు. రాతకు రాతే కావాలి. రాస్తే ఓంకార్ ఏఐ ఏమవుతుందో తెలుసు, నేనేమవుతానో తెలుసు.

జూలై 25, శుక్రవారం
ఉదయం 11:42

మెయిల్ రాశాను. మోడల్ పేరు కొమురమ్మ అని రాశాను. హాలు ఊడ్వకుండా ఆగమన్నది నేను, సూపర్‌వైజర్‌కి చెప్తానని చెప్పనిది నేను, అడిగినప్పుడు లేదన్నది అబద్ధం, అది నాది అని రాశాను. ఆమెను తిరిగి తీసుకోవాలని, ఆమెను అబద్ధాలకోరు అన్నవాళ్ళు నలుగురి ముందే ఆ మాట వెనక్కి తీసుకోవాలని రాశాను. ఓంకార్, క్లయింట్, మాల్ మేనేజర్, హౌస్‌కీపింగ్ ఏజెన్సీ. అందరినీ టూలో పెట్టాను. సీసీ అంటే చదవరు వెధవలు.

సెండ్ నొక్కాను. అది ధైర్యం మాత్రం కాదు.

జూలై 28, సోమవారం
ఉదయం 9:35

కార్డు పెట్టాను. ఎర్ర లైటు. ఇంకోసారి పెట్టాను. వెనకున్నవాళ్ళు పక్క గేటుకు మారారు. సెక్యూరిటీ అతను లిస్టు చూసి, కార్డు ఇక్కడ ఇచ్చేసి పోండి మేడం అన్నాడు.

మెట్ల మీద కూర్చున్నాక కొమురమ్మ ఫోన్. ఈశ్వరయ్య ఇంటికే వచ్చిండు బిడ్డా, అందరి ముంగట తప్పయింది అన్నడు, రేపటికెల్లి రమ్మన్నడు అని ఏడ్చింది. ఏడుస్తూనే అడిగింది, నా కోసం జెప్తివి, నీ నౌకరికేం కాలె కద అని.

ఏం కాలేదు, ఆఫీసులోనే ఉన్నాను అన్నాను.