మరదలి నవలకు నువ్వు రాసిన సమీక్ష

ఒరేయ్ తమ్ముడూ,

మీ ఆవిడ నవల మీద ఇంగ్లీషు పేపరుకి నువ్వు రాసిన సమీక్ష అందింది. దిద్ది పంపమన్నావు. ముందు ఆ డిక్షనరీ మూసెయ్యి. కథేమిటో రెండు ముక్కల్లో చెప్పు, ముగింపు మాత్రం బయటపెట్టకు. ఏది నచ్చిందో, ఎందుకు నచ్చిందో మామూలు మాటల్లో రాయి. పేరాకో "సూపర్బ్" తగిలిస్తే, అట్ట తప్ప ఇంకేం చూడలేదని ఇట్టే తెలిసిపోతుంది.

"భర్త పాత్ర చివరిదాకా నవ్విస్తుంది" అన్నావే, ఆ వాక్యం మరదలి కంటపడకముందే కొట్టెయ్యి. భోజనాల బల్ల దగ్గరే గురకపెట్టే ఆ మహానుభావుడివి నువ్వేరా. మూడో అధ్యాయంలోనే పోతావు.

కథ ఊపందుకునేది ఆ తర్వాతే.

నవల మొత్తం చదివిన
మీ అక్క