కరెంటు పోయినప్పటి బడి

నాయినా,

నువ్వు పోయి ఏడాదైంది. ఈరోజు తంగళ్ళపల్లిలో టీచరుగా చేరాను. తరగతి గది అంటే ఏమిటని పిల్లలను అడిగితే బోర్డు, బెంచీలు, ఫ్యాను అన్నారు. అంతలో కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది కానీ నాకు నవ్వు ఆగలేదు.

సిరిసిల్ల మరమగ్గాల షెడ్డులో కరెంటు పోయి నీ సాంచాలు ఆగితేనే కదా, గోడ మీద సుద్దముక్కతో నాకు అక్షరాలు రాసిపెట్టేవాడివి. "కరెంటొచ్చేదాంక సదువుకో బిడ్డా" అనేవాడివి. అది రాగానే సాంచాల మోత మొదలై నా చదువు ఆగిపోయేది. ఇదంతా పిల్లలకు చెప్పాను.

"అయితే గా షెడ్డు గూడ క్లాస్‌రూమే గదా టీచర్" అంది ముందు బెంచీలో కూర్చున్న పిల్ల. అందరూ అవునన్నారు.

బోర్డు మీద నీలాగే పేద్ద 'అ' రాశాను. ఫ్యాను మళ్ళీ తిరిగింది. ఈసారి కరెంటు వచ్చినా పాఠం ఆగలేదు, నాయినా.