ఉత్తుత్తి డబ్బా

సెప్టెంబర్ 9

ఎల్డన్ వచ్చాడు. మా ఆవిడ అర్లీన్ తమ్ముడు. అరవై మూడేళ్లొచ్చినా నాకు చిన్నపిల్లాడే. రేపు బాణాలతో వేటాడే సీజన్‌కి కొండెక్కుతున్నాం. మా మోంటానా కొండల్లో ఎలుగుల బెడద ఎక్కువ. అందుకని ఏటా ఎక్కేముందు పెరట్లో బేర్ స్ప్రే, అంటే ఎలుగు మొహాన కొట్టే కారం డబ్బా, ప్రాక్టీసు చేయిస్తాను. దానికి ఉత్తుత్తి డబ్బాలుంటాయి. లోపల కారం ఉండదు, వట్టి పొగే.

నడుం దగ్గర్నుంచి డబ్బా లాగడానికి వాడికి ఆరు సెకన్లు పట్టింది. ఆలోపు ఎలుగు నిన్ను తినేసి మూతి కూడా తుడుచుకుంటుందిరా అన్నాను. అర్లీన్ పడీ పడీ నవ్వింది. వాడు మూతి ముడుచుకుని కాఫీకి లోపలికెళ్లాడు.

అప్పుడు వాడి బెల్టులో అసలు డబ్బా తీసేసి, ప్రాక్టీసు స్టిక్కర్ పీకిన ఉత్తుత్తిది దూర్చాను. రేపు క్యాంపులో భోజనాల దగ్గర దాన్ని లాక్కుని నా మొహాన నేనే కొట్టుకుంటాను. వాడి గుండె జారాలి.

సెప్టెంబర్ 10

క్యాంపు వేశామో లేదో ఎల్డన్ పెద్ద మగ ఎల్క్‌ని కొట్టాడు. పేరుకి దుప్పి జాతే గానీ, ఎద్దంత ఉంది. సగం మాంసం మోసుకుని క్యాంపుకి దిగాం. మిగతాది చెట్టుకి కట్టి వచ్చాం. నా మోకాలు వాచింది. భోజనం కూడా చెయ్యకుండా పడుకున్నాను.

సెప్టెంబర్ 11, పొద్దున తొమ్మిది

మిగతా మాంసానికి వాడొక్కడే వెళ్లాడు. ముసలాడివి, కూర్చుని పొయ్యి చూసుకో అన్నాడు. ఇప్పుడే చలేసి కోటు తొడుక్కున్నాను. జేబులో వాడి అసలు డబ్బా ఉంది.

సెప్టెంబర్ 12, ఆసుపత్రి

కుంటుకుంటూ ఎలా ఎక్కానో తెలీదు. నేను వెళ్లేసరికి వాడు చెట్టు మొదట్లో కూర్చుని ఉన్నాడు. కుడి చెయ్యి చూడలేకపోయాను. మాంసం మీద తల్లి ఎలుగు, రెండు పిల్లలు ఉన్నాయట. నేను నేర్పినట్టే ముప్పై అడుగుల్లోకి రానిచ్చి కొట్టాడట. అది పొగలోంచి వచ్చేసిందట.

"నువ్వు చెప్పినట్టే చేశాను బావా. గాలి ఎదురొచ్చినట్టుంది."

అవునురా, గాలే అన్నాను. నిన్న ఆకు కదల్లేదు.

హెలికాప్టర్ కోసం చూస్తూ, కింద పడ్డ ఖాళీ డబ్బా నా జేబులో వేసుకున్నాను.

వేళ్లు ఇక ముడుచుకోవని డాక్టర్ చెప్పింది.

సెప్టెంబర్ 14

వన్యప్రాణుల శాఖ వార్డెన్ వచ్చింది. పిల్లల తల్లి తిండి కాపాడుకోవడానికి మీద పడితే మామూలుగా వదిలేస్తారట. కానీ ఇది కారానికే ఆగలేదు, రేపు ఇంకొకరి మీదికి వస్తుంది అంది. బోను పెట్టేశారు. చిక్కితే చంపేస్తారు. పిల్లలు ఈ చలికాలం దాటవు. డబ్బా ఏదని అడిగింది. ఎక్కడో పడిపోయింది అన్నాను.

ఎల్డన్ ఆ ఎలుగుని తలచుకుని పాపం పాపం అంటున్నాడు. గాలి చూసుకోకపోవడం తన తప్పేనట.

సెప్టెంబర్ 15

ఈరోజు ఎవర్నీ ఏడిపించలేదు. జ్వరమేమోనని అర్లీన్ నుదురు పట్టుకుని చూసింది.

సెప్టెంబర్ 16

పొద్దున్నే ఎల్డన్‌కి చెప్పేశాను. స్టిక్కర్ పీకడం దగ్గర్నుంచి జేబులో వేసుకోవడం దాకా. మధ్యలో నవ్వులాటకిరా అన్నాను. ఎందుకన్నానో.

వాడు ముందు అడిగింది ఇదే.

"వార్డెన్‌కి చెప్పావా?"

"లేదురా."

"ఇక్కడేం చేస్తున్నావు మరి? పో. అది చచ్చాక చెప్తావా?"

వెళ్లి ఆవిడ బల్ల మీద డబ్బా పెట్టాను. నన్ను తిట్టకుండా ముందు ఫోన్ తీసింది. బోను ఖాళీగానే ఉందట. తీసెయ్యమంది. తర్వాత నా మీద కేసు రాసింది. స్పెల్లింగ్ చెప్పమంటే నా పేరు నాకే తడబడింది.

సెప్టెంబర్ 22

ఎల్డన్ ఆసుపత్రి నుంచి వాళ్లింటికి చేరాడు. అర్లీన్ సూప్ పట్టుకెళ్లింది. నేను ట్రక్కులోనే కూర్చున్నాను.

అక్టోబర్ 3

ఎల్డన్ నా వాటా మాంసం పంపాడు. సరిగ్గా సగం. ప్రతి పొట్లం మీదా నా పేరు. ఎడమ చేత్తో రాసినట్టున్నాడు. పద్దెనిమిది పొట్లాలు.