చెవిలో నత్తగుల్లలు

మా గరం తల్లికి అమ్మ దీవెనలు.

ఇక్కడ నేనూ, మీ నాన్నా, కుక్కా, పెరట్లో కమలా చెట్లూ అందరం కులాసాగానే ఉన్నాం. సియోల్‌లో ఇంకా మంచు పడుతోందని టీవీలో చూశాను. నువ్వు ఆ పల్చటి కోటు తగిలించుకునే ఆఫీసుకి పోతున్నావని చూడకుండానే చెప్పగలను. లోపల ఉన్ని బనియను వేసుకో, అందం ఏమీ తరిగిపోదు.

నీ ఉత్తరమూ, మూడు పుస్తకాలూ అందాయి. మీ పుస్తకాల ఆఫీసులో అచ్చుకి వెళ్లేముందు ఒకసారి చదివి చెప్పమన్నావు. "నీకు అర్థమైతే అందరికీ అర్థమైనట్టేనమ్మా" అని రాశావు. అది పొగడ్తో, తిట్టో నాకు ఇప్పటికీ తేలలేదు. సరే, కోపం పక్కనపెట్టి, చెవుల గురించిన ఆ మూడూ చదివాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు రాసేస్తాను. నాన్న మోకాలికి ఇంజెక్షన్ ఇచ్చారు, ఇప్పుడు మెట్లు దిగుతున్నాడు, దిగుతూ డాక్టర్ని తిడుతున్నాడు. ఎండు చేపలు పార్శిల్ వేశాను, నీ స్నేహితులకి పంచిపెట్టకుండా నువ్వు తిను. ఇక ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని పోయిన ఉత్తరంలోనూ, ఇందులోనూ అడిగావు. దానికి కాస్త గుండె చిక్కబట్టుకోవాలి, అందుకని చివర్న రాస్తాను.

డాక్టరు రాసిన లావుపాటి పుస్తకం ముందు పట్టుకున్నాను. చెవి లోపలి బొమ్మ చూసి కూర్చున్నచోటే ఉండిపోయాననుకో. లోపల నత్తగుల్ల ఉంటుందట కదే! అచ్చం మేం రాళ్ల సందుల్లోంచి పెరికే గుల్లే, అదే చుట్టు, అదే మెలిక. పెళ్లి కాకముందు నుంచీ సముద్రంలో దిగి గుల్లలు ఏరుతున్నదాన్ని, నా తలకాయలోనే రెండు పెట్టుకుని తిరుగుతున్నానని నాకు ఎవరూ చెప్పలేదు. మర్నాడు తెచ్చినవాటిలో ఒకదాన్ని మీ నాన్న చేత నిలువునా కోయించి, బొమ్మ పక్కన పెట్టి చూశాను. చెవిలో గుల్లకి కూడా లోపల నీళ్లుంటాయట. ఆ నీళ్లు కదిలి సన్నటి వెంట్రుకలు ఊగితేనే మనకి వినపడుతుందట. ఆ వెంట్రుకలు ఒకసారి వాలిపోతే మళ్లీ లేవవట. ఆ పేజీల్లో ఒక్క అక్షరం కూడా మార్చొద్దని చెప్పు. తర్వాతి పేజీలు మాత్రం ఆయన ఇంకో డాక్టరు కోసం రాసుకున్నట్టున్నాడు, నాకు నిద్ర ముంచుకొచ్చింది. చెవులు ఎందుకు పాడవుతాయో చెబుతూ ఫ్యాక్టరీ మోతలు రాశాడు, తుపాకులు రాశాడు, లోతు నీళ్ల ఒత్తిడి గురించి ఒక్క ముక్క రాయలేదు. అదేమిటో అడుగు.

చెవి బాగానే ఉన్నా మాట చిక్కుపడిపోయే పిల్లల గురించి రాసిన పుస్తకం నన్ను నిజంగా పట్టేసింది. పరీక్ష చేస్తే చెవికి ఏ లోపమూ ఉండదట, కానీ నలుగురు మాట్లాడేచోట మాటలన్నీ ముద్దయిపోయి, బుర్రలోకి ఏదీ విడిగా వెళ్లదట. చదువుతుంటే నా తమ్ముడే కళ్లముందు నిలబడ్డాడు. దోక్సూ మావయ్యని బడిలో ఎన్ని దెబ్బలు కొట్టారో నీకు తెలీదు. పరధ్యానం వెధవ అనేవారు, మొద్దు అనేవారు. సంతకి పంపితే ఒకటి చెబితే ఇంకోటి తెచ్చేవాడు. అదే వాడూ నేనూ పడవలో ఇద్దరమే ఉంటే ఒక్క మాట పొల్లుపోయేది కాదు. వాణ్ణి ఇంటికి పిలిచి, టీవీ కట్టేసి, తలుపు వేసి ఒక అధ్యాయం చదివి వినిపించాను. అయ్యాక మళ్లీ మొదటి నుంచి చదవమన్నాడు. రెండోసారి అయ్యాక, "అక్కా, ఇది అప్పుడే ఎవరైనా రాసి ఉండాల్సింది" అన్నాడు, అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఆ రచయిత ఎవరో ఆవిడకి ఈ మాట చేరవెయ్యి.

ఇక వినపడనివాళ్ల చేతి భాష పుస్తకం. దీని గురించి చెప్పాలంటే ఈసుల్ గురించి చెప్పాలి. మన చివరింటి కమలాతోట అబ్బాయి పోయినేడు పెళ్లి చేసుకున్నాడే, ఆ అమ్మాయి. పుట్టుకతోనే వినపడదు. వచ్చిన నెలలోనే రబ్బరు బట్టలు కుట్టించుకుంది, డైవింగ్ బడిలో చేరి నేర్చుకుంది, మాతోపాటు దిగి గుల్లలు ఏరతానంటుంది. నేను ఆ పుస్తకం చూసి అద్దం ముందు నాలుగు మాటలు బట్టీపట్టి, దర్జాగా వాళ్లింటికి వెళ్లి చేతులు తిప్పాను. ఆ పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత ఫోన్ మీద టైప్ చేసి చూపించింది, "పెద్దమ్మా, చేతులు బాగానే ఉన్నాయి, ముఖానికి మూతేసుకుని మాట్లాడుతున్నావు" అని. వాళ్ల భాషలో కనుబొమ్మ ఎత్తితే అది ప్రశ్నట, బుగ్గలు ఉబ్బిస్తే అదో మాటట, సగం మాట ముఖంలోనే ఉంటుందట. మీ పుస్తకంలో బొమ్మలకి ముఖాలన్నీ కొయ్యబొమ్మల్లా ఉన్నాయి. మళ్లీ గీయించండి. గీయించేటప్పుడు వినపడనివాళ్లని ఎవరినైనా కూర్చోబెట్టుకోండి.

అప్పటినుంచి రోజూ సాయంత్రం వెళుతున్నాను. ఫోన్ మీద ఎన్ని రాసి అడిగినా ఆ పిల్ల విసుక్కోదు. చీకట్లో ఎలా మాట్లాడుకుంటారని అడిగితే, మొగుడి అరచేతిలో రాస్తానంది. కలలో కూడా చేతులతోనే మాట్లాడతావా అంటే, మరి నువ్వు కలలో నోటితోనే మాట్లాడతావా అని ఎదురడిగింది. వాళ్లు మనిషికో పేరు పెట్టుకుంటారు, అక్షరాల పేరు కాదు, చేతి పేరు. మా సంఘం పెద్ద బున్‌రే అక్కకి అందరినీ బెదిరిస్తూ చూపుడువేలు ఆడించడమే పేరు. ఆ పేరు చూసి నేను నవ్వలేక చచ్చాను.

ఆ బున్‌రే అక్కే అడ్డం తిరిగింది. మా సంఘంలోకి కొత్త మనిషి రావాలంటే అందరం ఒప్పుకోవాలని నీకు తెలుసు కదా. పోయిన వారం సముద్రంలోంచి వచ్చి, నెగడు చుట్టూ ఆరబెట్టుకుంటున్నప్పుడు ఈసుల్ మాట ఎత్తారు. ఆ పిల్ల గోడవార నిలబడి అందరి ముఖాలూ మార్చి మార్చి చూస్తోంది.

"పిల్ల మంచిదే. ఈత ఉంది, భయం లేదు" అంది బున్‌రే అక్క. "కానీ నీటివాలు తిరిగితే నేను అరుస్తాను. పైకి తేలి, బిగబట్టిన ఊపిరి వదిలే ఈల ఎవరిది వినపడకపోయినా వెతుకుతాం. ఈ పిల్లకి ఆ రెండూ వినపడవు. రేపు ఏదైనా అయితే దీని మొగుడికి నేనేం చెప్పను?"

ఆవిడ్ని తిట్టుకోకు. సొంత చెల్లెలు మునిగిన రోజున ఈల వినపడలేదని ముందు పసిగట్టింది ఆవిడే. అయినా చెల్లెలు దక్కలేదు. ఆ రోజునుంచి నీళ్లలో ఉన్నంతసేపూ అందరి ఈలలూ వింటూనే ఉంటుంది. ఈసుల్‌కి మాటలు అందకపోయినా సంగతి అర్థమైపోయింది, చేతులు వెనక్కి పెట్టుకుంది.

నేను నోరు మూసుకుని కూర్చుంటే ఆ పిల్లకి సముద్రం లేదు. నోరు తెరిస్తే నాకు లోతు సముద్రం లేదు. గరం, నేను ఊళ్లో అందరికంటే లోతుకి దిగేదాన్ని. ఇంకో పనిలో నన్నెవరూ మెచ్చుకోలేదు, నీళ్ల అడుగున మాత్రం నా అంతటిది లేదు. ఆ ఒక్కటీ వదులుకోవడం నాకు ఎంత కష్టమో నీకు నేను రాయలేను.

"అక్కా, నీ అరుపు నాకు వినపడక మూడేళ్లవుతోంది" అన్నాను.

వేళాకోళం చెయ్యొద్దంది. నిజమేనన్నాను. నమ్మలేదు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఏదో అంది. చుట్టూ ఉన్నవాళ్లంతా విరగబడి నవ్వారు. నేను ఒక్కదాన్నే నవ్వలేదు. కాసేపటికి వాళ్ల నవ్వు కూడా ఆగిపోయింది. ఆవిడ ఏమందో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు, ఏదో పచ్చి మాటే అయి ఉంటుంది.

"మరి నీటివాలు తిరిగినప్పుడల్లా అందరికంటే ముందు నువ్వే ఒడ్డుకొస్తావు కదే?" అంది.

"నీళ్ల మీద నువ్వు పట్టుకు తేలే బెండు చూస్తాను. నీ తల తిరిగే వైపు చూస్తాను. తేలినప్పుడల్లా అందరి బెండ్లూ చూసుకున్నాకే మళ్లీ మునుగుతాను. ఈసుల్ చేసేదీ అదే" అన్నాను.

అప్పుడు ఒక చిత్రం జరిగింది. ఎడమ పక్క కూర్చున్నావిడ తనకి ఎడమ చెవి పనిచేయదంది. దానికి అవతలావిడ "ఏమంటోంది?" అని పక్కమనిషిని అడిగింది. ఇంకొకావిడకి చెవిలో రోజంతా పురుగు కూస్తుందట. చూడగా చూడగా, సరిగ్గా వినపడేది ముగ్గురికో నలుగురికో. బున్‌రే అక్క రెండు చేతులూ నడుముకి పెట్టుకుని, "అయితే ఇన్నేళ్లూ నేను గొంతు చించుకుని ఎవరికి అరిచానే?" అంది. నవ్వుతూనే అంది, కానీ కళ్లు తుడుచుకుంది.

చేతులెత్తమంది. ఇద్దరు తప్ప అందరూ ఎత్తారు. ఈసుల్ ఆ చేతుల వంకే చూస్తూ ఉండిపోయింది. ఇకపై ఎవరూ ఒంటరిగా దిగకూడదని, జంటలుగా దిగాలని, నీటివాలు తిరిగితే ఊపడానికి రాళ్ల మీద ఎర్రజెండా పెట్టుకోవాలని కూడా తీర్మానం అయింది.

తర్వాత బున్‌రే అక్క నా ఎదురుగా వచ్చి కూర్చుని, డాక్టరుకి చూపించుకున్నావా అని నిదానంగా, నోరు కనపడేలా అడిగింది. చూపించుకున్నాను, లోతు మానకపోతే మిగిలిన కాస్తా పోతుందన్నాడని ఒప్పుకున్నాను. ఇక చెప్పేదేముంది. రేపటినుంచి అవ్వల సముద్రానికి వెళ్లమంది. ఒడ్డు పక్కన నడుము లోతు నీళ్లు, ఎనభై దాటినవాళ్ల కోసం వదిలిపెట్టిన చోటు. కొత్తవాళ్లకి మొదటి పాఠం కూడా అక్కడే కాబట్టి ఈసుల్ నా జంట. ఇంటికొచ్చి బట్టలు ఉతుకుతూ వెక్కివెక్కి ఏడ్చాను. మీ నాన్న అన్నం వండాడు, మాడ్చాడనుకో.

మర్నాడు ఆ నడుము లోతు నీళ్లలో చేతులతోనే ఈసుల్‌ని అడిగాను, నా చెవుల సంగతి తెలిసి కూడా నువ్వు ఆశ్చర్యపోలేదేమిటని. ఒడ్డుకొచ్చి ఫోన్ తీసి రాసింది. "మొదటి రోజే తెలుసు పెద్దమ్మా. ఎదుటివాళ్ల మాట పూర్తికాకముందే తల ఊపుతావు. వినపడనివాళ్లమంతా అలాగే ఊపుతాం."

ఇక ఫోన్ సంగతి. పోయినేడు కమలాలు కోసే రోజుల్లో ఒక సాయంత్రం నువ్వు ఫోన్ చేశావు, గుర్తుందా. చాలాసేపు మాట్లాడావు. నీ గొంతు లేస్తూ పడుతూ ఉన్నట్టు తెలిసింది, మాట మాత్రం ఒక్కటీ తెలియలేదు. ఉద్యోగం సంగతి అనుకున్నాను. నువ్వు ఆగినచోటల్లా "ఊఁ" అన్నాను. చివర్న చాలాసేపు ఆగావు. ఏదో ఒకటి అనాలి కదా అని, "పోనీలే, మంచిదే అయింది" అని నవ్వాను. నువ్వు ఫోన్ పెట్టేశావు.

ఆ తర్వాత నీ నుంచి ఉత్తరాలే వస్తున్నాయి. మర్యాదగా ఉంటున్నాయి, పరాయివాళ్లకి రాసినట్టు. నేను ఏదో కాని మాట అన్నానని తెలుస్తోంది, ఏ మాటకి అన్నానో తెలియడం లేదు. మళ్లీ అలాంటి పొరపాటు జరుగుతుందనే భయంతో ఫోన్ ఎత్తడం మానేశాను. దానివల్ల నా మీద నీ కోపం ఇంకా పెరిగి ఉంటుంది. ఈ పుస్తకాలు నిజంగా అచ్చు కోసమే పంపావో, నీకేమైనా అనుమానం వచ్చి పంపావో కూడా నాకు తెలియదు.

అమ్మకి సిగ్గు ఎక్కువైంది తల్లీ, ప్రేమ తక్కువై కాదు. ఆ రోజు ఏం చెప్పావో మళ్లీ చెప్పు. రాసినా సరే. లేకపోతే ఒక్కసారి వచ్చి, దీపం వెలుతుర్లో, నా ఎదురుగా కూర్చుని చెప్పు. ఈసారి నువ్వు చెప్పడం పూర్తయ్యేదాకా నేను తల ఊపను.

ఇట్లు,
నీ మాట కోసం నీ ముఖం చూడాలనుకుంటున్న
మీ అమ్మ
మల్‌సున్