ఆయన చెప్పిన సాక్ష్యం

ఆదివారం, 1969. మొయినాబాద్.

పక్షవాతంతో మంచం పట్టిన అత్తకు అన్నీ నేనొక్కదాన్నే చేస్తున్నాను. ఈ రోజు చర్చిలో మా ఆయన లేచి వాళ్లమ్మ గురించి సాక్ష్యం చెప్పాడు: "అవ్వను మేమిద్దరం కండ్లల్ల పెట్టుకొని చూసుకుంటున్నం." అందరూ ఆమెన్ అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇంటికి రాగానే తడిసిన పక్కబట్టలు ఆయన చేతుల్లో పెట్టాను. "ఇద్దరం అంటివి గదా, పట్టు."

"పట్నంల డ్యూటీ ఉన్నది, పోవాలె."

"తెలంగాణ బందు నడుస్తున్నది, బస్సుల్లేవు. యాడికి పోతవు?"

పొడి పక్క వేయడానికి ఒక్కడే అత్తను లేపలేక నన్ను పిలిచాడు. కాసేపు అట్లాగే పిలవనిచ్చాను. తర్వాత చెరోవైపు పట్టి లేపాం. మొదటిసారి నా నడుము కలుక్కుమనలేదు. దాంతో కోపం ఇంకా పెరిగింది. ఇద్దరు పట్టుకుంటే ఇంత తేలికైన పనా, ఇన్నాళ్లూ నా నడుము విరిచింది?

ప్రభువా, బస్సులు అప్పుడే నడవనీయకు.