మాదాపూర్ గదికి ఒప్పందపత్రం

మూసాపేట,
12 జూలై 1998

చిరంజీవి యాదగిరికి ఆశీస్సులు.

మాదాపూర్‌లో నీ మేడమీది గదిని మా అమ్మాయి రత్నమాల కంప్యూటర్ కార్యాలయానికి ఇస్తానన్నందుకు సంతోషం. "మనకు కిరాయి కాగితమేంది సార్, మీ మాట చాలదా?" అని నీవన్నప్పుడు, పూర్వవిద్యార్థి చూపిన గౌరవానికి పొంగిపోయి తలూపాను. అది నా పొరపాటు. ఒప్పందపత్రం చూపనిదే ఆమెకు టెలిఫోను ఇవ్వరు. టెలిఫోను లేనిదే ఆ వ్యాపారం మొదలుకాదు. ఈ సంగతి ఆమె అక్కడే చెప్పబోతే నేనే వారించాను.

దయచేసి పత్రం రాయించు. అందులో నా పేరు వద్దు, ఆమె పేరే ఉండాలి. ఆ రోజు గదిలో ఉన్న ఒక్క కుర్చీనీ నాకు వేశావు. అద్దెకు దిగవలసిన మనిషి నిలబడే ఉంది. శుక్రవారం సంతకానికి ఆమె ఒక్కతే వస్తుంది. ఆ కుర్చీ ఆమెకు వెయ్యి.

ఇట్లు,
నీ తెలుగు మాస్టారు