అవలాంచి ఏటికి చేపలకు పొయ్యిన దినం

ఊటీ నుంచి,

అక్కకు, బావకు తమ్ముడు రమణయ్య దండాలు. బావ ఈ ఉత్తరం చదివి వినిపించేటప్పుడు పొయ్యికాడ పని ఆపి కూర్చో అక్కా, ఈసారి రవ్వంత పొడుగ్గా రాస్తా ఉండాను. ఈడ నేనూ పెంచలమ్మా బాగుండాము. మీరంతా ఎట్టుండారు? నీ మోకాలి నొప్పి తగ్గిందా? సోమశిల నుంచి మామ ఈమధ్య వచ్చినాడా? పెన్నలో నీళ్ళుండాయా, వల వేస్తా ఉండాడా? మన పక్క వాన పడిందో లేదో రాయించు. ఈడ వానకు కరువు లేదు. తెల్లారితే మంచు, మధ్యాన్నం దాటితే వాన. గుడ్డలు ఆరవు. పొయ్యి మీద దండెం కట్టి ఆరేసుకుంటాము.

చలి గురించి నువ్వు దిగులు పడబాక. డాక్టరు గారు ఇద్దరికీ ఉన్ని కోట్లు ఇచ్చినాడు. కట్టెలకు కొదవ లేదు. అన్నం ఒక్కటే తొందరగా ఉడకదు. ఈ ఎత్తులో నీళ్ళు ఊరికే మరిగిపోతాయంట, గింజ మాత్రం గట్టిగానే ఉంటాది. పెంచలమ్మ బియ్యం ముందే నానేసి వండతా ఉండాది. సజ్జ సంగటి తిని ఎన్నాళ్ళయిందో. ఉర్లగడ్డ కూర, కోసుగడ్డ కూర తినీ తినీ నోరు చచ్చిపోయింది.

డాక్టరు గారు ఎట్టాంటోడని బావ అడిగినాడు. మంచోడు బావా. యుద్ధంలో నేను మిలటరీ ఆస్పత్రి లారీ తోలేటప్పుడు ఆయన ఆడ పెద్ద డాక్టరు. మద్రాసాయన, తెలుగు బాగానే మాట్లాడతాడు, కొంచెం అరవ యాస. భార్య పోయింది, పిల్లలు లేరు. ఉద్యోగం మానుకొని ఈ కొండ మీద బంగళా కొనుక్కున్నాడు. కారు తోలేదానికి, వంటకు నన్ను పిలిపించుకున్నాడు. బంగళా వెనక మాకొక ఇల్లు ఇచ్చినాడు. కసురుకోవడం ఎరగడు.

పెంచలమ్మ సంగతి నువ్వు ప్రతి ఉత్తరంలోనూ అడగతానే ఉండావు. నేను బాగుందని రాసి ఊరుకునేవాణ్ణి. బాగుందనే మాట నిజమే, కానీ నోట్లో మాట లేదు. మా బిడ్డ పొయ్యిన తంతి ఈడ అంది నేను ఊరికి వచ్చేసరికి అంతా అయిపొయ్యింది గదా. ఈమె పెరట్లో గోడకు ఆనుకొని కూర్చోనుండింది. "దీన్ని ఈడ ఉంచబాక, నీతో తీసకపో" అని నువ్వు చెప్పబట్టే తీసకొచ్చినాను. దోవంతా అట్నే ఉండింది. మేట్టుపాళెంకాడ కొండెక్కే చిన్న రైలు ఉంటాది అక్కా. పట్టాల నడమ రంపానికి మాదిరి పళ్ళుంటాయి, ఆ పళ్ళను పట్టుకొని పాకతా పోతాది. కిటికీలో నుంచి చూస్తే కింద లోయ, పక్కన నీళ్ళు దూకతా ఉంటాయి. బండిలో అందరూ లేచి చూస్తా ఉంటే, ఈమె ఒళ్ళో చేతులు పెట్టుకొని కూర్చోనుండింది. ఉదయగిరి దుర్గం కంటే ఎన్నింతల ఎత్తో చూడు అన్నాను. తలూపింది, అంతే.

ఈడికొచ్చినాక కూడా అంతే. పని చేస్తాది, తింటాది, అడిగితే ఊ అంటాది. తనంతట తాను ఒక మాట అనదు. ఆ చలిలో వాకిట్లో ఒంటరిగా కూర్చుంటాది. డాక్టరు గారు రెండు మూడు సార్లు అడిగినాడు, ఒంట్లో బాగలేదా అని. జరిగింది చెప్పినాను.

ఈయనకు ఒక పిచ్చి ఉండాది. ట్రౌటు అని ఒక చేప. మన దేశానిది కాదంట. దొరలు దాని గుడ్లను మంచుగడ్డల్లో పెట్టి ఓడల మీద తెప్పించి, ఈ కొండ ఏళ్ళల్లో పెంచినారంట. ఒంటి మీద నల్ల చుక్కలు, పక్కన గులాబీ రంగు చార. పొలుసు ఉందా లేదా అన్నట్టు ఉంటాది. చల్లటి పారే నీళ్ళల్లో తప్ప బతకదు. దాన్ని పట్టడానికి ఈయన గాలానికి ఎర పెట్టడు. కోడి ఈకలూ పట్టుదారమూ కలిపి ఈగ మాదిరి కట్టింది పెట్టి, నీళ్ళ మీద ఆడిస్తాడు. చేప నిజమైన ఈగే అనుకొని ఎగిరి పట్టుకుంటాది. చిన్నది పడితే మళ్ళీ వదిలేస్తాడు. దినమంతా నిలబడి వట్టి బుట్టతో నవ్వుకుంటా వచ్చిన దినాలు చానా ఉండాయి. మామ చూస్తే ఏమంటాడో.

ఆయనతో పోవడం నాకు ఇష్టం అక్కా. ఆ చోట్లు అట్టాంటివి. చెట్టు లేని గడ్డి కొండలు ఒకదాని వెనక ఒకటి పోతా ఉంటాయి. రెండు కొండలు కలిసే కాడ మాత్రం చిక్కటి అడవి, దాంట్లో నుంచి ఏరు. ఎర్ర పూల చెట్లు కొమ్మంతా పూసి ఉంటాయి. ఒకసారి వడగండ్లు పడితే కారు కింద దూరి కూర్చున్నాము ఇద్దరమూ. ఇంకోసారి గట్టునే పొయ్యి పెట్టి, వెన్నలో చేపను వేంచి మిరియాలు చల్లి తిన్నాము. ఇట్టా కాదు దీన్ని వండేదని నేను ఇంటికొచ్చి చింతపండు పులుసు పెట్టినాను. చేపను పాడు చేసినావని అన్నాడు గానీ, రెండో మారు అడిగి పోయించుకున్నాడు.

పోయిన ఆదివారం అవలాంచి అనే చోటికి బయలుదేరినాము. పెంచలమ్మను కూడా కారు ఎక్కమన్నాడు డాక్టరు గారు. రాను అనేదానికైనా నోరు తెరవాల గదా, తెరవలేదు, ఎక్కింది. మట్టి దోవ, ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. ఎండ బాగా కాసింది ఆ దినం. ఏటికాడ దిగినాము. డాక్టరు గారు తొడల దాకా వచ్చే రబ్బరు బూట్లు వేసుకొని నీళ్ళల్లోకి దిగినాడు. పెంచలమ్మ ఒక బండ మీద కూర్చుంది. మధ్యాన్నం లోపలే మూడు చేపలు పడినాయి. నేను కూటి బుట్ట తెచ్చేదానికి పైన కారుకాడికి పొయ్యినాను.

బుట్ట తీస్తా ఉంటే కేక వినబడింది, నా పేరు పెట్టి. ఆ గొంతు ఎవరిదో ఒక గడియ పోల్చుకోలేకపోయినాను అక్కా. బుట్ట ఆడనే వదిలి పరిగెత్తినాను.

పైన ఎక్కడో వాన పడినట్టుండాది, నీళ్ళు పెరిగినాయి. పాచి బండ మీద కాలు జారి డాక్టరు గారు పడిపొయ్యినాడు. బూట్లల్లోకి నీళ్ళు నిండినాయి. ఇంక ఆ మనిషి లేస్తాడా? నీళ్ళు ఆయన్ని ఈడ్చుకొని పొయ్యి మడుగులో వేసినాయి. నేను పొయ్యేసరికి పెంచలమ్మ మెడ దాకా నీళ్ళల్లో ఉండాది. కోక గోచీ పెట్టుకొని, ఒక చేత్తో గట్టున చెట్టు వేరు, ఇంకో చేత్తో ఆయన కోటు కాలరు పట్టుకొని ఉండాది. పెన్నలో పెరిగిన పిల్ల గదా, ఈతకు భయం లేదు, కానీ ఆ నీళ్ళు పెన్న నీళ్ళు కావు. దిగితే కాళ్ళు కొరికేసినట్టుంటాది.

నేను ఆయన చేతులు పట్టుకొని లాగబోయినాను.

"బూట్లు పీకు ముందు. బూట్లు పీకితే గానీ రాడు" అని అరిచింది.

మునిగి బూట్లు పీకినాను. ఇద్దరమూ కలిసి గట్టెక్కించినాము. మూతి నీలంగా అయిపొయ్యి, పళ్ళు కొట్టుకుంటా ఉండాయి ఆయనకు. కారులోని కంబళి తెచ్చినాను, మంట వేసినాను. పెంచలమ్మ ఆయన అరికాళ్ళు రుద్దతా కూర్చుంది. తన కోక నీళ్ళు కారతా ఉండాది, దాన్ని పట్టించుకోలేదు. ఆయన కొంచెం తేరుకొని, నా గాలం ఏదీ అన్నాడు.

అప్పుడు మొదలు పెట్టింది అక్కా. నువ్వు విని ఉండాల్సింది.

"గాలమా? ఈ వయసులో, ఆ నీళ్ళల్లో, ఆ ఏనుగు కాళ్ళ మాదిరి బూట్లేసుకొని దిగతావా? నీకు చెప్పేవాళ్ళు ఎవరూ లేరా? ఒకడు నా చేతుల్లోనే పొయ్యినాడు. అది చాలదా? నువ్వు కూడా నా చేతుల్లోనే పోవాల్నా?"

అంత పెద్దాయన్ని 'నువ్వు' అనేసింది. ఆపమని ఆమె భుజం పట్టుకున్నాను.

"ఆపబాక రమణయ్యా" అన్నాడు ఆయన. "కోప్పడమ్మా. ఇంకా కోప్పడు."

ఇంక ఆమె కోప్పడలేదు. ఆయన పాదాలు పట్టుకొనే ఏడ్చింది. బిడ్డ పొయ్యినాక ఏడవడం నేను చూసింది అదే. ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టినాడు.

తిరిగి వచ్చేటప్పుడు పెంచలమ్మ ముందు సీట్లో నా పక్కన కూర్చుంది. డాక్టరు గారు వెనక కంబళి కప్పుకొని ఉండాడు. బిడ్డకు జొరం ఎట్టా మొదలయింది, ఏం చేసినారు, అని ఒక్కొక్కటే అడిగినాడు. ఆమె చెప్పింది. నువ్వు సంతకు పొయ్యిన దినం తనే బిడ్డకు నీళ్ళు పోసిందంట. ఆ సాయంత్రమే ఒళ్ళు కాలిందంట. నీళ్ళు పోసినందుకే పొయ్యినాడని ఇన్నాళ్ళూ లోపల పెట్టుకొని ఉండాది అక్కా. నీతో కూడా అనలేదు గదా.

ఆయన అంతా విని చెప్పినాడు. "నీళ్ళు పోస్తే అట్టాంటి జ్వరం రాదమ్మా. నేను ఆడ ఉన్నా ఏమీ చేయగలిగేవాణ్ణి కాదు. నీ చేతిలో తప్పు లేదు."

ఆమె మళ్ళీ చెప్పించుకుంది. ఆయన మళ్ళీ చెప్పినాడు.

ఆ తర్వాత మాట్లాడతానే ఉండింది. నేను దోవ మీద నుంచి కన్ను తిప్పేదానికి లేదు, అన్నీ మలుపులు. అందుకే చెప్పగలిగిందేమో. వాడికి నా మాదిరే చెవులు బయటికి ఉండేవంట. పాలు తాగేటప్పుడు ఒక చెయ్యి తన మెడ మీద పెట్టేవాడంట. తుమ్మి, ఆ చప్పుడుకు తనే ఉలిక్కిపడేవాడంట. ఊటీ వచ్చేదాకా చెప్పింది.

డాక్టరు గారు మూడు దినాలు మంచం మీద ఉండాడు, దగ్గు తప్ప ఇప్పుడు బాగుండాడు. ఆ మూడు చేపలనూ పెంచలమ్మే పులుసు పెట్టింది. ఇప్పుడు ఇంట్లో మాట వినబడతా ఉండాది. ఒక్కోసారి పొద్దున్నే మళ్ళీ మౌనంగా ఉంటాది. పక్కన కూర్చుంటాను. నయమైపోయిందని అబద్ధం రాయను. కానీ మనిషి నాకు దొరికింది.

ఎవరైనా ఈ పక్కకు వస్తే ఎండు గోగాకు, కొత్త చింతపండు ఇచ్చి పంపు. మామకు చెప్పు, ఆయన కూతురికి నేర్పిన ఈత ఒక ప్రాణం నిలబెట్టిందని. అవ్వకు, ఇంట్లో పెద్దోళ్ళకు మా ఇద్దరి దండాలు. పిల్లోళ్ళకు ముద్దులు. మీ దీవెనలు మా మీద ఉంటే అంతే చాలు.

ఇంకొక మాట అక్కా. మేము బాధపడతామని నువ్వు నీ ఉత్తరాల్లో బిడ్డ ఊసే ఎత్తవు. ఇంక ఎత్తు. వాణ్ణి నువ్వు ఎత్తుకున్నావు, ఆడించినావు. వాడు నిన్ను చూసి ఎట్టా చేసేవాడో, నీకు గుర్తుండేదంతా బావ చేత రాయించు. ఆమెకు చదివి వినిపిస్తాను. నేను వాణ్ణి చూడలేదు గదా, నాకూ కావాల.

నీ తమ్ముడు
రమణయ్య